మా ఇంట్లో నేనే చుట్టాన్ని

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. వారపత్రికలో హాస్యం కాలమ్ రాసుకునేవాణ్ణి. తార్నాక చౌరస్తాలో నాలుగు చినుకులు పడితే హుస్సేన్‌సాగర్ కట్ట తెగిందని రాస్తాను. మా ఆవిడ వనజ నేను చెప్పిందాన్ని పదో వంతుకు తగ్గించి వింటుంది. ఆఫీసులో మిత్రులు అందులోనూ సగం కొట్టేస్తారు. మీరూ అలాగే చదువుకోండి, నేనేమీ అనుకోను. అయితే ఇందులో ఒక్కచోట మాత్రం పెంచి చెప్పడం కాదు, లేనిదాన్ని కల్పించాను. అదెక్కడో ఆఖర్న నేనే చెబుతాను.

నాలో ఏదో తేడా వచ్చిందని మొదట తెలిసింది సిటీ బస్సులో. ఎండాకాలం, పరీక్షల రోజులు. నేను యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సెక్షన్ ఆఫీసర్‌ని. రోజూ తార్నాకలో ఎక్కి క్యాంపస్‌లో దిగుతాను. ఆ రోజు కిటికీ పక్కన సీటు దొరికింది. ఆ వేళప్పుడు ఆ రూట్లో కిటికీ సీటు దొరకడమంటే నిజాం గారి సింహాసనం ఖాళీగా ఉందని కబురు రావడంతో సమానం. కూర్చున్నాను. కూర్చున్న కాసేపటికే ఆ సీటు నాది కాదనిపించింది. జేబులో టికెట్ ఉంది. అది ఆడవాళ్ళ సీటూ కాదు. అయినా ఎవరి ఇంట్లోనో అడక్కుండా చొరబడి కూర్చున్నట్టు ఒళ్ళంతా ముడుచుకుపోయింది. ఇక లాభం లేదని లేచి, పక్కన నిలబడ్డ కుర్రాడితో "కూర్చో నాయనా, ఇంతసేపూ కూర్చున్నందుకు ఏమనుకోకు" అన్నాను. ఆ కుర్రాడు బస్సు ఆగిపోతే చంకన పెట్టుకుని క్యాంపస్ దాకా మోసుకెళ్ళేంత బలంగా ఉన్నాడు.

"అరే, కూసోండి అంకుల్. నేను ముందటి స్టాప్‌ల దిగుత."

"లేదు బాబూ. సారీ."

"సారీ ఎందుకు అంకుల్? పానం మంచిగ లేదా?"

నా జబ్బుకు అదే మొదటి డయాగ్నోసిస్. నేను వినిపించుకోలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి. తెల్లారకముందే మెలకువ వచ్చేసేది. ఆకలి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. కాలమ్ రాయడానికి కూర్చుంటే, పదిమందిని నవ్వించడానికి అసలు నేనెవణ్ణి అనిపించేది. ఏడుపు వస్తుందా అంటే రాదు. భయమా అంటే భయం కాదు. దిగులనుకుందామంటే, దిగులుకు ఏదో ఒక కారణం ఉంటుంది కదా, దీనికి అదీ లేదు. బెంగ అందామంటే ఎవరి మీద? వనజ ఎదురుగానే ఉంది. యాదగిరి అని మా సెక్షన్లో సీనియర్ అసిస్టెంట్, నాకు మంచి మిత్రుడు. అతనైతే "రంది పెట్టుకున్నరు సార్" అన్నాడు. దేని గురించి రంది యాదగిరీ అంటే, "గది మీకే తెల్వాలె" అన్నాడు. మాటలు అమ్ముకుని పేరు తెచ్చుకున్నవాణ్ణి, నా లోపలున్న ఒక్కదానికి మాట దొరక్క నిలబడిపోయాను. మాట దొరక్కపోయేసరికి పోలికలు మొదలుపెట్టాను. కొంప అక్కడే మునిగింది.

తార్నాకలో మా వీధి మలుపులో క్లినిక్ ఉండేది. డాక్టరుగారికి చాలా ఓపిక. "చెప్పండి, ఏంటి ప్రాబ్లమ్?" అని అడిగారు.

"గుండెల మీద రుబ్బురోలు పెట్టి, పెళ్ళి భోజనాలకు మినప్పిండి రుబ్బుతున్నట్టుంది డాక్టరుగారూ."

ఆయన నవ్వలేదు. వెంటనే ఈసీజీ తీయించారు. నార్మల్. పది రోజులు పోయాక మళ్ళీ వెళ్ళి, కడుపులో సికింద్రాబాద్ స్టేషన్ ఉంది, రైళ్ళన్నీ బయల్దేరుతున్నాయి కానీ ఒక్కటీ ఎక్కడికీ చేరడం లేదు అన్నాను. ఎండోస్కోపీకి పంపారు. మున్సిపాలిటీ వాళ్ళు నీళ్ళ పైపు వేసినట్టు నా గొంతులోంచి గొట్టం దింపి చూశారు. నార్మల్. మూడోసారి గొంతుకు తడిగుడ్డ అడ్డం పడ్డట్టుందన్నాను. థైరాయిడ్ టెస్టు. అదీ నార్మలే. పోలికకొక టెస్టు చొప్పున పోతున్నాం. నా దగ్గర ఇంకా చాలా పోలికలున్నాయి కానీ, వాటికి సరిపడా అవయవాలు మిగల్లేదు.

"కంగ్రాచ్యులేషన్స్. ఎవ్రీథింగ్ ఈజ్ నార్మల్" అన్నారు డాక్టరుగారు.

ఎవరైనా సంతోషిస్తారు. నాకు మాత్రం ముచ్చెమటలు పోశాయి. "సారీ డాక్టరుగారూ, మీ టైమంతా పాడుచేశాను. ఏదో ఒకటి ఉండాల్సింది" అన్నాను. ఆయన నా కాలమ్ చదువుతారు. ఇదీ అలాంటిదే అనుకుని హాయిగా నవ్వేసి గ్యాస్‌కు మాత్రలు రాసిచ్చారు. తప్పు ఆయనది కాదు. నొప్పి చెప్పమంటే నేను కథ చెప్పాను.

ఇక సారీలు ఊరి మీద పడ్డాయి. పాలవాడికి సారీ చెప్పాను, నా కోసం అతను పొద్దున్నే లేవాల్సి వస్తున్నందుకు. ఇస్త్రీ బండాయనకు చెప్పాను, నా చొక్కాలు తొందరగా నలుగుతున్నందుకు. చౌరస్తాలో ఒక స్కూటర్ నన్ను గుద్దితే లేచి దుమ్ము దులుపుకుని ఆ స్కూటరాయనకు చెప్పాను. ఆయన హడలిపోయి, నేనేదో పెద్ద కేసు పెట్టబోతున్నాననుకుని బండి వదిలేసి పారిపోయాడు.

నవ్వండి, పర్వాలేదు. నాకు మాత్రం లోపల నవ్వు లేదు. తప్పు చేసినవాడి గుండె ఎలా కొట్టుకుంటుందో నా గుండె అలా కొట్టుకునేది. తప్పొక్కటే తక్కువ. దాన్ని వెతకడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు కర్నూల్లో పక్కింటివాళ్ళ జామకాయలు కోసుకున్నది తవ్వి తీశాను. కానీ ఇంత పెద్ద భారానికి నాలుగు జామకాయలు ఏం సరిపోతాయి? ఇంకా పెద్దది కావాలి. ఆ సమయంలోనే బండిల్ పోయింది.

పరీక్ష రాసిన జవాబు పత్రాలను కట్టలు కట్టి, దిద్దడానికి పంపి, తిరిగొచ్చాక సరిచూసి లోపల పెట్టడం మా పని. ఆ కట్టనే బండిల్ అంటాం. బండిల్ కనబడలేదంటే మా సెక్షన్లో పెళ్ళిలో పిల్ల తప్పిపోయినంత గగ్గోలు. ఈసారి కనబడనిది డిగ్రీ కెమిస్ట్రీ బండిల్. పెద్దసారు మా అందర్నీ తన గదిలోకి పిలిచి వరసగా నిలబెట్టారు.

"ఆఖరిసారి ఎవరి చేతిలో ఉంది?"

అందరూ పక్కవాళ్ళ మొహాలు చూశారు. ఇన్నాళ్ళుగా నేను వెతుకుతున్న తప్పు తనంతట తానే నడిచొచ్చి నా ఎదురుగా నిలబడ్డట్టనిపించింది.

"నా చేతిలోనే సార్. నేనే ఎక్కడో పోగొట్టాను."

బయటికి రాగానే యాదగిరి నన్ను వరండా మూలకు లాక్కుపోయాడు.

"ఏంది సార్ మీరు? ఆ బండిల్ మీ చేతికి రానే రాలె. పక్క బల్ల మీద నేను లేనా?"

"నీకు తెలీదు యాదగిరీ. నేనే."

"దిమాగ్ ఖరాబైందా సార్? నౌకరి పోతది!"

"పోనీ."

"ఫుకట్‌ల తప్పు నెత్తినేసుకునేటోణ్ణి గిప్పుడే చూస్తున్న."

ఆ సాయంత్రం నాకు ఆకలేసింది. తార్నాకలో బండి దగ్గర నిలబడి మిర్చి బజ్జీలు తిన్నాను. బండివాడు శనగపిండికి మళ్ళీ మనిషిని పంపాడంటే నమ్మండి. ఇంటికొచ్చి మొద్దులా నిద్రపోయాను. భారానికి తప్పు దొరికింది, రెండూ అతుక్కున్నాయి, ఇక బాగుపడ్డాననే అనుకున్నాను.

దొంగ దొరికాడు కదా అని ఆఫీసులో వెతకడం ఆపేశారు. నా మీద విచారణ వేస్తామన్నారు. ఆ బండిల్‌లో పేపర్లున్న పిల్లలందరి రిజల్టూ ఆపేశారు. నాలుగు రోజులు తిరిగేసరికి ఆకలి మళ్ళీ పోయింది. ఆ భారం మళ్ళీ వచ్చి కూర్చుంది. నేను తెచ్చిన తప్పు దానికి నచ్చలేదు. ఆ రోజుల్లోనే ఒక అమ్మాయి మా సెక్షన్ కిటికీ దగ్గరికొచ్చింది.

"సార్, నా పేరు రూత్. మాది జనగామ దిక్కు. గీడ సీతాఫల్‌మండిల మా చిన్నమ్మ ఇంట్ల ఉండి చదువుకున్న. నా రిజల్ట్ ఆపిండ్రు. బీఎడ్ సీట్లకు పిలిచే టైమైతున్నది సార్."

"అమ్మా, ఆ బండిల్ పోగొట్టింది నేనే. నన్ను క్షమించు."

"క్షమించుడు తర్వాత సార్. ఏడ పెట్టిండ్రో జర యాద్ చేసుకోండ్రి."

యాద్ చేసుకోవడానికి నా దగ్గర ఏముంది? పోగొట్టనివాడు ఎక్కడ పోగొట్టాడో ఏం చెబుతాడు?

"ఇంటికి తీస్కపోయిండ్రా? గాడ బీరువాల పెట్టిండ్రా? గదన్న చెప్పుండ్రి సార్."

నేను తల దించుకుని మళ్ళీ సారీ అన్నాను.

"మీ సారీతోని సీటొస్తదా సార్?" అని ఆ అమ్మాయి కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. ఇక్కడ మాత్రం ఒక్క అక్షరం కూడా పెంచలేదు.

అది చూసి యాదగిరి ఊరుకోలేదు. సాయంత్రం మా ఇంటికొచ్చి అంతా వనజకు చెప్పేశాడు. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు, అతనితోనే మాట్లాడింది.

"ఈయన వస్తువు పోగొట్టే మనిషి కాదన్నా. పెండ్లినాటి చొక్కా గుండీ గూడా దాచిపెట్టుకోనుండాడు. బండిల్ సంగతి మీరు చూడండి. ఈయన సంగతి నేను చూడల్ల."

అతను వెళ్ళాక నాతో అంది: "రేపు డాక్టర్ దగ్గరికి పోతాండాం. గ్యాస్ డాక్టర్ కాదు."

"అంటే పిచ్చి డాక్టరా?"

హైదరాబాద్‌లో ఆ డాక్టరంటే మనకు ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి ఒక్కటే గుర్తొస్తుంది. నా కళ్ళ ముందు ఊచల కిటికీలు కనబడ్డాయి.

"మీకు పిచ్చని నేనంటినా? మీరు బాగలేరంటాండా. అంతే."

సికింద్రాబాద్‌లో ఒక డాక్టరమ్మ. నడివయసు, మెల్లగా మాట్లాడే మనిషి. నేను అలవాటుగా రుబ్బురోలుతో మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"పోలికలు వద్దు. ఇంట్లో మామూలుగా ఎలా ఉంటున్నారో చెప్పండి."

పోలిక లేకుండా మాట్లాడి ఎన్నేళ్ళయిందో. వనజ అందుకుంది.

"అన్నం సరిగా పెట్టించుకోడు డాక్టరమ్మా. ఇంగ కొంచెం అంటే అన్నం తట్ట మీద చేతులడ్డం పెడతాడు. చాలు చాలు అంటాడు. తిన్నాక తన తట్ట తనే కడిగి బోర్లిస్తాడు. సోఫాలో గూడా అంచునే కూర్చుంటాడు. మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్ల ఉండాడు."

ఆ మాట వినగానే నాకు లోపల ఏదో తగిలింది. ఇన్నాళ్ళూ వెతికిన మాట ఎంత చిన్నదంటే, రోజుకు పదిసార్లు అందరి నోటా వినబడేదే.

"మొహమాటం" అన్నాను.

"ఎక్కడ?"

"మా ఇంట్లో. బస్సులో. ఆఫీసులో. అందరిదీ వాడుకుంటున్నట్టు, ఎవరూ పిలవకుండా వచ్చినట్టు. బతికుండటానికే మొహమాటంగా ఉందండీ."

డాక్టరమ్మ రాయడం ఆపి పెన్ను పక్కన పెట్టింది. వనజ నా చేయి పట్టుకుంది. పెళ్ళయిన తర్వాత నలుగురిలో ఆమె నా చేయి పట్టుకోవడం అదే మొదలు.

"చనిపోవాలనిపిస్తోందా?" అని డాక్టరమ్మ సూటిగా అడిగింది.

"చావాలని కాదు. భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోవాలనిపిస్తోంది."

"అది కూడా నాకు చెప్పాల్సిన మాటే. మళ్ళీ అనిపిస్తే అదే రోజు ఆవిడకు చెప్పాలి, నాకు చెప్పాలి. దాచకూడదు." తర్వాత నెమ్మదిగా వివరించింది: "మేం దీన్ని డిప్రెషన్ అంటాం. గిల్ట్ ఇందులో ఒక సింప్టమ్. జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది చూడండి, ఇదీ అంతే. మీరు తప్పు చేశారని కాదు. దానికోసం తప్పు వెతక్కండి. ఆఫీసుకు వెళ్ళి ఆ బండిల్ మీరు పోగొట్టలేదని చెప్పండి. ఆలస్యం చేయకండి."

మాత్రలు రాసిచ్చింది. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో ఆపవద్దని చెప్పింది. మొదట్లో నోరెంత ఎండిపోయేదంటే, నాలుక మీద థార్ ఎడారి నుంచి ఒంటెలు వచ్చి నడిచేవి. కూర్చున్నచోటే కునికేవాణ్ణి. కాస్త తేలికపడగానే, నాకన్నా అవసరమైనవాళ్ళు ఎవరైనా ఉంటారేమో, నాకెందుకీ మందులు అనుకుని ఆపేశాను. చూశారా, మందులు మింగడానికి కూడా మొహమాటమే. పదిరోజుల్లో మళ్ళీ మొదటికొచ్చాను. డాక్టరమ్మ తిట్టలేదు. "ఇదీ జబ్బులో భాగమే. మళ్ళీ మొదలుపెడదాం" అంది. వనజ మాత్రం అప్పట్నుంచి మాత్ర తన చేత్తోనే ఇచ్చి, నోరు తెరిపించి చూసేది.

ఈ గొడవలో ఆఫీసు పని వాయిదా పడింది. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం. చేశానని చెప్పడానికి ఒక్క క్షణం పట్టింది. చేయలేదని చెప్పడానికి నెల దాటిపోయింది. ఆఖరికి వనజను వెంటబెట్టుకుని పెద్దసారు ఎదుట నిలబడ్డాను.

"మొన్న చేశానన్నావు. ఇవాళ చేయలేదంటున్నావు. ఇదేమన్నా నీ హాస్యం కాలమా?"

"కాదు సార్. అప్పుడు నాకు ఒంట్లో బాగాలేదు. డిప్రెషన్. మందులు వాడుతున్నాను."

ఆ మాట గట్టిగా అన్నాను. పక్క గదిలో టైపు కొట్టే చప్పుడు ఆగిపోయింది. ఆ రోజుల్లో ఆఫీసులో ఆ జబ్బు పేరు చెప్పుకోవడమంటే చొక్కా విప్పి నిలబడటం లాంటిది. పెద్దసారు చాలాసేపు నన్ను చూసి, వనజను చూసి, "యాదగిరీ, మళ్ళీ వెతికించు" అన్నారు.

యాదగిరి వెతికాడు. నేలమాళిగలో హిస్టరీ పేపర్ల గోనెసంచి అడుగున, వేరే కట్టతో కలిపి కట్టేసి ఉంది. హడావిడిలో ఎవరిదో పొరపాటు, అంతే. నేను నోరు మూసుకుని ఉంటే ఆ వారంలోనే దొరికేది. రిజల్ట్ విడుదలయ్యేసరికి బీఎడ్ సీట్లు అయిపోయాయి.

ఆ తర్వాత ఒక ఆదివారం రూత్ మా ఇంటికొచ్చింది. యాదగిరి అడ్రసు చెప్పాడట. ఫస్ట్ క్లాస్ వచ్చిందంది. సీటు గురించి నేనే అడిగాను. "వచ్చే ఏడు చూస్త సార్. ఏం గాదు" అంది. వనజ అన్నం తినమని కూర్చోబెట్టింది. పిల్ల ఏమాత్రం బెట్టుచేయకుండా పప్పు రెండోసారి వడ్డించుకుంది. పోతూ పోతూ "మీ పానం మంచిగ చూసుకోండ్రి సార్" అంది.

ఇప్పుడు బాగున్నాను. డాక్టరమ్మే మెల్లమెల్లగా తగ్గించి మందులు ఆపించింది. కాలమ్ మళ్ళీ రాస్తున్నాను. బస్సులో సీటు దొరికితే కూర్చుంటాను, నిలబడ్డవాళ్ళు నా వైపు చూసినా లేవను. ఇదే జబ్బుతో ఉన్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళకండి. రోజూ మీతో కూర్చుని అన్నం తినే మనిషిని వెంట తీసుకెళ్ళండి. మీరు ఎలా ఉన్నారో మీకన్నా వాళ్ళకే బాగా తెలుస్తుంది. మీకు దొరకని మాట వాళ్ళ నోట్లో ఉండొచ్చు.

ఇక నేను కల్పించింది. బస్సులో కుర్రాడు నిజం. పారిపోయిన స్కూటరాయన నిజం, ఒట్టు. పెద్దసారు ఎదుట జరిగిందంతా నిజం. రూత్ మా ఇంటికి రాలేదు. అన్నం తినలేదు, ఏం గాదని అనలేదు. కిటికీ దగ్గర నుంచి వెళ్ళిపోయాక ఆ అమ్మాయిని నేను మళ్ళీ చూడలేదు. మరుసటి ఏడు సీటొచ్చిందో లేదో తెలియదు. మందులు వాడాక ఆ మొహమాటం పోయింది కానీ, ఇది ఒకటి మిగిలింది. దీనికి పేరు వెతుక్కోనక్కర్లేదు. తప్పు అంటారు. దీనికి కారణం ఉంది. మాత్రలు లేవు.

ఇదంతా రాసి వనజకు చదివి వినిపించాను. రూత్ భోజనం దగ్గరికి రాగానే ఆపింది.

"ఇది ఎప్పుడు జరిగె?"

"జరగలేదు."

నా చేతిలోంచి కాగితాలు తీసుకుని వెనక్కి తిప్పింది. తర్వాత, "వాళ్ళ చిన్నమ్మది సీతాఫల్‌మండి అన్నారు కదా. ఈడికి ఎంత దూరం?" అని అడిగింది.

నడిచి పోయేంత దూరమే అన్నాను.